ఒక్క వేలితో పడే గొళ్ళెం

జాక్ జారి, బండి మీద పడి చనిపోయాడని పోలీసులు రాసుకున్నారు.

ఏజెంట్ టాల్బట్ ఇరవై ఏళ్ళు ఎడారి బండ్ల కింద దూరి బతికిన మనిషి. ఇసుకలో జాక్ కింద చెక్క పలక పెట్టకుండా బండి ఎత్తేంత వెర్రివాడు కాడు. ఆస్ట్రేలియాలోని పోర్ట్ అగస్టా ఊరి బయట, పట్టపగలు, అతన్ని ఎవరో చంపేశారు. జేబులో ఉన్న నోటుపుస్తకం ఆఖరి పేజీలో రెండే మాటలున్నాయి: "వెనక బార్."

"క్షిపణి మెదడు పోయింది," అంది గూఢచారి విభాగం చీఫ్ హెస్టర్ డన్, అడిలైడ్ ఆఫీసులో తలుపు గడియ పెట్టి. ఎడారిలో పరీక్షిస్తున్న కొత్త క్షిపణికి గురి చూపించే యంత్రం అది. బరువు ఇరవై కిలోలు. దేశం దాటితే మన రాడార్లన్నీ గుడ్డి కళ్ళే. దొంగిలించిన విదేశీ ముఠాలో మన మనిషి ఒకామె ఉంది, ఇమొజెన్ వేల్. ముఠా సరుకు మోసేది ఎర్న్ నోస్కె అనే ముసలి వెల్డర్ బండ్ల వెనక బిగించే ఉక్కు బార్లలోనని ఆమె కబురు పంపింది.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ పాస్కో ఒక్కటే అడిగాడు, తనేం చెయ్యాలని.

"వెల్డింగ్ వచ్చుగా నీకు?"

"గేట్లు చేశాను."

"చాలు. వెళ్ళి పనిలో చేరు."

చాలలేదు. మొదటి రోజే ఎర్న్ పాస్కో వేసిన అతుకు చూసి, కోడి గీకినట్టుందని గ్రైండర్‌తో మొత్తం తీసేయించాడు. డెబ్బై ఏళ్ళవాడు, నోరు దురుసు, మధ్యాహ్నం మాంసం కూరి సాస్ పోసిన పై రొట్టె తప్ప ఇంకేమీ తినడు. ఆ షెడ్డులో పని ఒకటే. ఫ్యాక్టరీ ఇచ్చిన సన్న బంపర్ ఊడదీసి, దాని చోట దళసరి ఉక్కు బార్ బిగించడం, దాని మీద స్టెప్నీ మోసే చెయ్యి కూర్చోబెట్టడం. బార్ కుడి కొసన ఇరుసు, ఎడమ కొసన గొళ్ళెం. వెనక తలుపు తియ్యాలంటే స్టెప్నీతో సహా ఆ చెయ్యి గేటులా పక్కకు తెరుచుకోవాలి.

"చక్రం లేని ఉట్టి చేతిని అగ్గిపుల్ల మందం పైకెత్తి అతకాలి, అబ్బాయ్," అనేవాడు ఎర్న్. "సమంగా అతికావో, చక్రం తగిలించగానే కిందికి జారి గొళ్ళెం పడదు. చక్రం బరువు తూచు. ఆ బరువుకే అతుకు. అప్పుడు ఒక్క వేలితో మూసుకుంటుంది."

అది ఆయన పంతం. బండి తీసుకెళ్ళేవాళ్ళెవరైనా సరే, చూపుడు వేలితో ఆ చేతిని మూసి, గొళ్ళెం పడ్డ చప్పుడు విన్నాకే తాళాలు చేతికిచ్చేవాడు. ఒకసారి పోలీసు అధికారి చేత కూడా మూయించాడు.

మూడు నెలలు గడిచాయి. పాస్కో రోజూ షెడ్డు వెతికాడు, ఎర్న్ ఫోన్ విన్నాడు, ఎర్న్ ఇంట్లో తిన్నాడు. ఏమీ దొరకలేదు. దొరకనందుకు తనకు సంతోషంగా ఉండటం చూసి అతనికే భయం వేసింది.

అప్పుడు వచ్చింది ఇమొజెన్. ఎర్రజుట్టు విగ్గు, నల్లకళ్ళద్దాలు, తెల్లటి లినెన్ చొక్కా మీద దుమ్ము చుక్క లేదు. ఎడారి చూడబోయే సంపన్నురాలి వేషం. పాస్కో పక్కగా వచ్చి, ఈ ఊళ్ళో వాన ఎప్పుడు పడుతుందని అడిగింది.

"బట్టలు ఆరేసినప్పుడు," అన్నాడు పాస్కో. అదే సంకేతం.

ఆమె గొంతు తగ్గించి పథకం చెప్పింది. తన బండికి బార్ చేయిస్తుంది, లోపల బోలు అర పెట్టిస్తుంది. ఎర్న్ దాన్లో సరుకు దాస్తాడు. తను పడమటి రాష్ట్రపు సరిహద్దుకు తీసుకెళుతుంది. అక్కడ బయటి పళ్ళూ తేనే రాష్ట్రంలోకి రానివ్వని తనిఖీ గేటు దగ్గర పాస్కో ఆపి, సాక్షుల ముందు బార్ విప్పాలి. ముసలాడు రెడ్‌హ్యాండెడ్‌గా దొరుకుతాడు.

బార్ పూర్తయింది. ఎర్న్ ఆమె స్టెప్నీ తూచాడు. నలభై ఒక్క కిలోలు. చెయ్యి దానికి తగ్గట్టే అతికి, తనే ఒక్క వేలితో మూసి చూపించి, మళ్ళీ తెరిచి ఆమెనూ అలాగే మూయమన్నాడు. ఆమె చెవికి ఫోన్ పెట్టుకుని, టైం లేదు పెద్దాయనా అంటూ, ఎర్నే గొళ్ళెం వేసేలోపు బల్ల మీది తాళాలు లాక్కుని వెళ్ళిపోయింది.

"నలభై ఏళ్ళలో మూయకుండా వెళ్ళిన మొదటి మనిషి," అన్నాడు ఎర్న్. ఆ పూట పై రొట్టె కూడా తినలేదు.

మర్నాడు సరిహద్దు గేటు దగ్గర పాస్కో తనిఖీ సిబ్బంది చొక్కా, వెడల్పు టోపీ వేసుకుని నిలబడ్డాడు. చెవిలో చీఫ్ గొంతు. చేతిలో లాబ్ వాళ్ళిచ్చిన పరికరం, ఆ యంత్రం దగ్గరికొస్తే కూస్తుందట. అసలు తనిఖీ అధికారి గ్లెనిస్ ముప్పై ఏళ్ళుగా అక్కడే తేనె సీసాలు, నారింజ పళ్ళు లాక్కుంటున్న మనిషి. గేటు అవతల రెండు కిలోమీటర్ల దూరంలో మట్టి రన్‌వే మీద చిన్న విమానం ఆగి ఉంది.

మూడు గంటలకు ఇమొజెన్ బండి వచ్చింది. పాస్కో పరికరం ఆన్ చేశాడు. అది బార్ దగ్గర కూసింది, తలుపు దగ్గర కూసింది, స్టెప్నీ దగ్గర కూసింది, గ్లెనిస్ బెల్టు బకిల్ దగ్గర కూడా కూసింది. పాస్కో దాన్ని జేబులో పడేసి, ఇద్దరు లారీ డ్రైవర్లను సాక్షులుగా పిలిచి, బార్ కొసన మూత విప్పాడు.

లోపల గుడారం మేకులున్నాయి. అంతే.

ఇమొజెన్ ముఖం చూడాలి. నిజంగా నిరాశపడ్డట్టే ఉంది. "ముసలాడు పసిగట్టాడు," అంది మెల్లగా. "సరుకు షెడ్డులోనే దాచి ఉంటాడు. మనవాళ్ళకి చెప్పు."

పాస్కో చెప్పగానే షెడ్డు బయట కాపున్నవాళ్ళు లోపల దూరారు, పది నిమిషాల్లో చెవిలో చీఫ్ గొంతు వచ్చింది. ఎర్న్ పాత ఇనుము కుప్పలో యంత్రం తాలూకు ఖాళీ డొల్ల దొరికింది. చేతులకు బేడీలు వేస్తున్నారు. దేశద్రోహం, పైగా టాల్బట్ హత్య. ముసలాడు బతికుండగా బయటికి రాడు.

"ఇమొజెన్‌ని పోనివ్వు," అంది చీఫ్. "ఆమె బండి సోదా అయిపోయిందిగా."

పాస్కో మనసులో లెక్క వేసుకున్నాడు. తనే కదా ఆ షెడ్డులో దూరింది. నిన్న మధ్యాహ్నం పై రొట్టె తేవడానికి పావుగంట బయటికెళ్ళాడు. ఆ పావుగంటలో ఏం జరిగిందో ఎవరికి తెలుసు? ఎర్న్ మంచివాడని తను అనుకుంటే సరిపోతుందా?

ఇంతలో గ్లెనిస్ తన పని తను చేసుకుంటోంది. స్టెప్నీ చెయ్యి తెరిచి, వెనక తలుపు తీసి, ఐస్ పెట్టెలోంచి ఒక నారింజ పండు పట్టుకుని విజయగర్వంతో ఊపింది. తలుపు మూసి, స్టెప్నీ చేతిని నెట్టింది. గొళ్ళెం పడలేదు. మళ్ళీ నెట్టింది. పడలేదు.

"ఉండండి," అని ఇమొజెన్ దిగి వచ్చింది. భుజం చక్రం కిందికి ఆనించి, అలవాటైన పనిలా పైకి ఎత్తి, ఒక్క తోపు తోసింది. గొళ్ళెం టప్పున పడింది. ఆమె స్టీరింగ్ ముందుకెళ్ళి కూర్చుంది. గేటు కర్ర లేవడం మొదలైంది. అవతల విమానం పంకా తిరుగుతోంది.

పాస్కో అలాగే నిలబడిపోయాడు. భుజంతో ఎత్తింది. ఎర్న్ నోస్కె చేసిన చేతిని, భుజంతో.

"గ్లెనిస్, గేటు దించు!"

ముప్పై ఏళ్ళుగా ఎవరి ఆర్డరూ వినని గ్లెనిస్ ఆ గొంతు విని మీట నొక్కేసింది. కర్ర బండి ముక్కు ముందు దిగింది.

"ఏమైంది?" అంది ఇమొజెన్ కిందికి దిగి బండి వెనక్కొస్తూ. చిరునవ్వు అలాగే ఉంది. చెయ్యి మాత్రం హ్యాండ్‌బ్యాగులో ఉంది.

పాస్కో అప్పటికే గొళ్ళెం తీశాడు. చెయ్యి బయటికి తెరుచుకుంటూనే కొస కిందికి వాలింది.

"మీరొక పని మర్చిపోయి వచ్చారు మేడమ్. మా మేస్త్రీ షెడ్డులో బండి తీసుకునేవాళ్ళు దీన్ని వేలితో మూసి వెళ్ళాలి."

"అయితే?"

"నలభై ఒక్క కిలోలకు అతికాం. నిన్న వేలితో మూసుకుంది. ఇవాళ భుజం కావాల్సొచ్చింది. ఒక్క రాత్రిలో మీ స్టెప్నీ ఏం తిని లావెక్కింది?"

చిరునవ్వు పోయింది. బ్యాగులోంచి చిన్న పిస్తోలు బయటికొచ్చింది. ఆమె నిలబడ్డది వెనక తలుపుకీ, తెరిచిన చేతికీ మధ్య. పాస్కో ఆలోచించలేదు. ఒళ్ళంతా బరువు పెట్టి చేతిని మూశాడు. ఉక్కూ చక్రమూ కలిసి ఆమెను తలుపుకు అదిమేశాయి. పిస్తోలు రోడ్డు మీద పడింది. గ్లెనిస్ దాని మీద పళ్ళ బుట్ట బోర్లించి పైన కూర్చుంది.

"తుపాకులు కూడా నిషేధమే తల్లీ," అంది ఆమె.

టైరు కోశారు. రిమ్ చుట్టూ పట్టీలు కట్టి, భాగాలు భాగాలుగా ఉంది క్షిపణి మెదడు. తూచారు. ఇరవై కిలోలు. విమానం ఎవరి కోసమూ ఆగకుండా ఎగిరిపోయింది. ముఠాతో చేతులు కలిపి, ఎర్న్ ఇనుము కుప్పలో డొల్ల పడేసిందీ, టాల్బట్‌ను చంపిందీ ఇమొజెనేనని తేలాక ఎర్న్‌ను వదిలేశారు.

రెండో రోజు పాస్కో షెడ్డుకు వెళ్ళాడు. ఎర్న్ మణికట్ల మీద బేడీల గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. పాస్కో తనెవరో చెప్పి, తల దించుకుని క్షమించమన్నాడు.

ఎర్న్ చేతిలోని గ్రైండర్ ఆపి బల్ల మీద పెట్టాడు.

"మూడు నెలలు నాకు కాపలా కాశావన్నమాట."

"అవును మేస్త్రీ."

"నా ఇంట్లో తిని."

"అవును."

"సిగ్గుపడు. పడాలి కూడా."  ముసలాడు పై రొట్టె పొట్లం విప్పి సగం తుంచి ఇటు నెట్టాడు. "నీ అతుకులు అంత అధ్వాన్నంగా ఎందుకుండేవో ఇప్పుడు తెలిసింది. కళ్ళు నా మీద పెట్టి వెల్డింగ్ చేస్తే ఇంకేమొస్తుంది."

ఫోన్ మోగింది. చీఫ్. సరుకును ఏ పరికరంతో కనిపెట్టారో నివేదికలో రాయాలట. లాబ్ వాళ్ళు అలాంటివి ఇంకో పాతిక తయారు చేస్తామంటున్నారట.

పాస్కో ఆ ప్రశ్నను ఎర్న్‌కు చెప్పాడు. ఎర్న్ గ్రీజుతో నల్లబడ్డ చూపుడు వేలు ఎత్తి చూపించాడు.

"పాతిక కుదరదని చెప్పు. ఇది ఒక్కటే ఉంది, దీనితో నాకు పనుంది."