కారుకు తెచ్చిన చెలమ నీళ్లు

దివాకర్ ఆ ఇంటి వాకిట్లో చేసిన మొదటి పని కాళ్లు కడుక్కోవడం. దాంతోనే అతని కొంప మునిగింది.

అనంతపురంలో మోటారు సామాన్ల అంగడి వాళ్లది. యాడికి ఊరి దగ్గరి పల్లెలో బయ్యన్న గారి నల్ల కారుకు కొత్త వాటర్ పంపు తీసుకెళ్లి, దగ్గరుండి బిగించి రమ్మని నాయన పంపాడు. బస్సు దిగి రెండు మైళ్లు నడిచేసరికి చెప్పుల్లో పాదాలు ఉడికిపోయాయి. వరుసగా మూడో కరువు ఏడాది, మిట్టమధ్యాహ్నం. అరుగు మీద నిండు బిందె, పక్కన చెంబు కనిపించాయి. ఇంటికొచ్చినవాళ్ల కాళ్లకు నీళ్లు పెట్టడం మర్యాదే కదా, పెద్దింటివాళ్లు గనక బిందెతోనే పెట్టారనుకున్నాడు. కాళ్లు కడుక్కున్నాడు. మొహం కడుక్కున్నాడు. హాయిగా ఉందని మిగతాదంతా నెత్తిన దిమ్మరించుకున్నాడు.

"అయిపాయనా? బిందె గూడ తోముకో."

గొంతు కారు కింద నుంచి వచ్చింది. వెనకే ఒక అమ్మాయి బయటికొచ్చింది. కొంగు నడుముకు దోపుకుంది. చేతుల నిండా గ్రీజు, నుదుట బొట్టు పక్కన ఇంకో గ్రీజు బొట్టు. కోపంలో కూడా ఆ కళ్లు అంత బాగుండడం అన్యాయమనిపించింది దివాకర్‌కు.

"కాళ్లకు కాదా ఇవి?"

"కారుకు అప్పా. తెల్లార్తోనే వంకకు పోయి, చెలమలో తోడుకొచ్చినా. మా బావి నీళ్లు ఉప్పు. అవి పోసి పోసే పాత పంపు తినేసిపోయినాది."

"ఎవురు, ఓబులమ్మా?" అంటూ బయ్యన్న బయటికొచ్చాడు. చూపు సరిగా ఆనక కళ్లు చికిలించి, తడిసిన మనిషిని, ఖాళీ బిందెను చూసి పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక మాత్రం మాట గట్టిగానే చెప్పాడు.

"చూడు పాపా. పొద్దు గుంకే లోపల ఈ బండి యాడికి రైలు టేసను దాంకా పోయి, నీళ్లు మరక్కుండా తిరిగి రావల్ల. లేదంటే దీన్ని అడిగిపోయిన కదిరి ఆయప్పకు రేపు అమ్మేస్తా. దావలో నిలిచిపోయే బండిలో ఆడబిడ్డను పంపేదెట్లా?"

ఆయన లోపలికి వెళ్లగానే ఓబులమ్మ మొహం వాడిపోయింది.

"కారంటే అంత ఇష్టమా?" అన్నాడు దివాకర్ మెల్లగా.

"నాయనకు చూపు ఆనదు, అందుకని నేనే తోల్తాండా. ఈ ఏడాది ఏడుమందిని కాన్పుకని తాడిపత్రి ఆస్పత్రికి తీసకపోయినా. పోయిన నెల దావలో నీళ్లు మరిగి ఆగిపాయ. కాన్పు నొప్పులతో అక్కమ్మ ఎండలో గంటసేపు అల్లాడినాది. ఇప్పుడు పక్కింటి తిమ్మక్కకు నెలలు నిండినాయి. కారు పోతే ఆ యమ్మకు ఎద్దులబండే."

కారు తోలే ఆడమనిషిని దివాకర్ ఇప్పటిదాకా ఒక్కరినే చూశాడు, ఆమె డాక్టరమ్మ.

"జరుగు. పంపు నేను బిగిస్తా," అన్నాడు, పరువు కొంచెమైనా దక్కించుకుందామని.

"బోల్టులు తొక్కొద్దు," అంది ఓబులమ్మ, నేల చూపిస్తూ.

కారు ముందర అలికిన నేల మీద ముగ్గు ఉంది. వంగి చూస్తే అది ముగ్గు కాదు, ఇంజను బొమ్మ. పంపు ఉండే చోట గుండ్రటి గీత, ఫ్యాను ఉండే చోట నాలుగు రెక్కలు. ఏ బోల్టు ఎక్కడ ఊడదీసిందో బొమ్మలో ఆ చోటే దాన్ని పెట్టింది, పొడుగువి, పొట్టివి, వాషర్లతో సహా.

"పొట్టిదాని తావులో పొడుగుది దూరిస్తే లోపల పగుల్తాది గదా. వాటి పేర్లు నాకు తెలీవు. ముగ్గు తెలుసు."

ఆరేళ్లుగా పంపులు అమ్ముతున్న దివాకర్ ఆ బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. అంగడి పక్క మెకానిక్ మారెప్ప బోల్టులన్నీ ఒకే డబ్బాలో పడేసి, బిగించేటప్పుడు గంటసేపు తిట్టుకుంటాడు. ఈమె రేడియేటర్‌ను కూడా చింతపులుసుతో నానబెట్టి కడిగింది, రాగిచెంబు తోమినట్టు. చేటెడు ఉప్పు పెచ్చులు రాలాయి.

పంపుకూ ఇంజనుకూ మధ్య వేసే కాగితం గాస్కెట్ అతని చొక్కా జేబులో ఉంది. అంటే అది కూడా స్నానం చేసింది. ఓబులమ్మ పంపు వచ్చిన అట్టపెట్టెను, కత్తెరను అతని చేతిలో పెట్టింది. అతను కత్తిరించాడు, ఆమె గ్రీజు పూసింది.

"ఒక్కదాన్నే పూరా బిగించద్దు. ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించల్ల," అన్నాడు.

"ఈ మాట నాకు తెలీదు," అని ఒప్పుకుంది ఓబులమ్మ. ఆ ఒక్క మాటకు దివాకర్ చెవులు ఎర్రబడ్డాయి.

ఫ్యాను, బెల్టు, కొత్త రబ్బరు పైపులు కూడా బిగించాక అతను బిందె అందుకున్నాడు.

"మగోడు బిందె ఎత్తుకుంటే ఊరంతా నవ్వుతాది," అంది ఓబులమ్మ.

"నవ్వనీ. పోసుకున్నోణ్ణి నేనే గదా."

ఊరు నవ్వింది. మైలు దూరంలో ఎండిన వంక. ఇసుకలో మోకాటి లోతు గుంట, అడుగున దోసెడు నీళ్లు. కొబ్బరిచిప్పతో రెండుసార్లు ముంచితే అయిపోయాయి. మళ్లీ ఊరేదాకా కూర్చోవాలి. ఇసుక సందుల్లోంచి నీళ్లు చప్పుడు లేకుండా వచ్చి చేరుతుంటే దివాకర్ కన్నార్పకుండా చూశాడు. ఇంత ఎండిన నేలలో ఇవి ఎక్కడ దాక్కున్నాయి? తెల్లవారుతూనే వచ్చి, ఇక్కడే ఇలాగే కూర్చుని, చిప్ప చిప్పగా ఆమె నింపిన బిందెను తను ఒక్క నిమిషంలో నెత్తిన పోసుకున్నాడు. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే ఇంకో సంగతి తెలిసింది. ఇంత ఓర్పున్న మనిషిని వదిలి అనంతపురం వెళ్లడం ఇక తన వల్ల కాదు.

బిందె తీసుకుని వచ్చేసరికి పొద్దు పడమటికి వాలింది. భుజం కమిలినా చుక్క ఒలకలేదు. ఓబులమ్మ ఎదురొచ్చి బిందె అందుకుంది. రేడియేటర్ ముప్పాతిక బిందె తాగింది. ఇంజను మొదటి తిప్పుకే పలికింది.

ముందు సీట్లో తండ్రీకూతుళ్లు, వెనక దివాకర్. ఎగుడుదిగుడు దారిలో స్టీరింగు మీద ఆమె చేతులు కంగారు లేకుండా కదులుతుంటే, అతను దారి చూడడమే మరిచిపోయాడు. స్టేషన్ చేరారు, తిరిగొచ్చారు. ఆవిరి లేదు, చుక్క కారలేదు. బయ్యన్న బానెట్ మీద అరచేయి ఆనించి వేడి చూశాడు.

"కదిరి ఆయప్పను రావద్దని చెప్పి పంపుతా," అన్నాడు. ఓబులమ్మ గబుక్కున అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. గ్రీజు ఇంకొంచెం పెరిగింది.

బిందెలో మిగిలిన నీళ్లు చెంబుతో ముంచి దివాకర్ ముందు పెట్టింది. "ఇవి కాళ్లకే."

"వద్దు. అవి ఊరేది చూసొచ్చినా." చెంబెత్తి చివరి చుక్క దాకా తాగాడు. తర్వాత ధైర్యం తెచ్చుకుని బయ్యన్న వైపు తిరిగాడు. "మామా, ఈ ఇంటికి మళ్లీ రావల్లని ఉండాది. పంపు పని లేకపోయినా సరే."

మామా అన్న పిలుపు విని బయ్యన్న కూతురి వైపు చూశాడు. కూతురు నేల మీది ముగ్గు వైపు చూసింది, వద్దనలేదు.

"అయితే మీ నాయనను పిల్చుకొని రా అప్పా. ఈసారి నీ కాళ్లు నేనే కడుగుతా, పీటల మీద కూచోబెట్టి."

"ఉప్పు నీళ్లతో కడుగు నాయనా," అంది ఓబులమ్మ తలెత్తకుండా. "ఈయప్పకు మంచినీళ్లు చూపిస్తే నెత్తిన పోసుకుంటాడు."