ఓడినవాళ్ల పేజీ

"గెలిచినవాడు అటుపక్కన ఉన్నాడు, అక్కడికి వెళ్లండి," అన్నాడు లెఫ్టీ, షూ లేసులు విప్పుకుంటూ.

టెన్నిస్ ఫైనల్ ఓడి పావుగంట కూడా కాలేదు. ఎడమచేత్తో ఆడతాడు కాబట్టి ఊళ్లో అందరికీ లెఫ్టీయే. ఆ ముఖం చూస్తే ఎవరైనా దూరంగా జరిగిపోతారు. బామ్మ నడిపే పత్రికలో పనిచేసే మన చిన్న ఎడిటర్ మాత్రం బెంచీ మీద అతని పక్కనే కూర్చుంది.

"గెలిచినవాళ్లకి మా పత్రికలో రెండో పేజీ. మొదటి పేజీ ఎప్పుడూ ఓడినవాళ్లదే."

"ఇదేం విడ్డూరం?"

విడ్డూరమే మరి. యాభై ఏళ్ల కిందట ఆమె తాతయ్య ఇలాంటి ఫైనల్లోనే ప్రాణం పెట్టి ఆడి ఓడిపోయాడు. మర్నాడు పేపర్లో గెలిచినవాడి ఫొటో, వాడి కోచ్ ఫొటో, కప్పు ఇచ్చిన పెద్దమనిషి ఫొటో వేశారు. తాతయ్య పేరైనా లేదు. కడుపు మండి, ఇంటి వరండాలోనే టెన్నిస్ పత్రిక పెట్టేశాడు. బాగా ఆడి ఓడినవాళ్లకి మొదటి పేజీ అని ఆనాడే తీర్మానించాడు. ఆ తర్వాత ప్రెస్సులు మారాయి, అద్దె ఆఫీసులు మారాయి, ఒకసారి వరదలో కాగితమంతా నానిపోయింది. తాతయ్య పోయాక బామ్మ ఎడిటరైంది. ఏం జరిగినా ఆ పేజీ ఒక్క నెల కూడా తప్పలేదు.

ఇప్పుడు రాబోయేది యాభయ్యో ఏటి ప్రత్యేక సంచిక. పత్రిక చరిత్రంతా చిన్న ఎడిటరే రాసింది. రేపు సాయంత్రం ప్రెస్‌కి వెళ్లాలి. మొదటి పేజీ ఒక్కటే ఖాళీ. సరిగ్గా ఈ సంచికలోనే ఆ పేజీ తప్పితే బామ్మకి ముఖం ఎలా చూపిస్తుంది?

"అంటే జాలి పేజీ అన్నమాట," అన్నాడు లెఫ్టీ.

ఆమెకి ఒళ్లు మండింది. "జాలా? మీరు చెత్తగా ఆడుంటే ఇటువైపు వచ్చేదాన్నే కాదు."

అతనికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "మీరెప్పుడైనా ఓడిపోయారా?"

"నేను పోటీలకి వెళ్లను. సరదాగా ఆడతానంతే."

"అయితే రేపు పొద్దున నాతో ఒక సెట్ ఆడండి. ఓడితే ఎలా ఉంటుందో తెలిశాక, మీ పేజీకి కావాల్సింది నేనే రాసిస్తా."

ఒప్పుకోక ఏం చేస్తుంది?

పొద్దున సన్నగా తుంపర. లెఫ్టీ ఒక్క బంతి కూడా మెత్తగా కొట్టలేదు. రెండు గేములకే ఆమెకి ఆయాసం వచ్చేసింది.

"కాస్త నెమ్మదిగా వేయమంటారా?"

"వేసి చూడండి, రాకెట్ మీ మీదకే విసురుతా."

ఆరు-సున్నా. ఉక్రోషంతో ఆమె అతని వైపు చూడకుండానే వెళ్లిపోయింది. కోర్టు దాటేదాకా అతను ఆమెనే చూస్తున్నాడని మాత్రం తెలుస్తూనే ఉంది.

సాయంత్రం లెఫ్టీ ఆఫీసుకొచ్చి కాగితం బామ్మ చేతికిచ్చాడు. బామ్మ కళ్లజోడు సర్దుకుని పైకి చదివింది.

"ఈ పొద్దున ఒకామె నా చేతిలో ఆరు-సున్నాతో ఓడిపోయింది. ఐదో గేములో ఆమెకి గేమ్ పాయింట్ వచ్చింది, ఇంకొక్క పాయింట్ గెలిస్తే ఆ గేమ్ ఆమెదే. సెట్ మొత్తానికి అదొక్కటే అవకాశం. నేను కొట్టిన బంతి ఆమె వైపు లైన్ దగ్గర పడింది. అవుటనే అనుకున్నాను. 'లైన్ తాకింది, పాయింట్ మీది' అందామె. చూసినవాళ్లు లేరు. నేనైతే అనేవాణ్ణో కాదో. ఈ పేజీకి నాకంటే ఆమే తగినది."

"బామ్మా, వద్దు, వేయకు," అంది చిన్న ఎడిటర్, చెవులదాకా ఎర్రబడి.

"ఓడావా లేదా?"

"ఓడాను."

"బాగా ఆడిందా బాబూ?"

"చాలా బాగా," అన్నాడు లెఫ్టీ.

బామ్మ ఆ కాగితాన్ని ప్రెస్‌కి వెళ్లే కట్ట మీద పెట్టింది. "మీ తాత ఉంటే ఈ పేజీ పట్టుకుని వీధి వీధీ తిరిగేవాడే. నా మనవరాలు, చూడండి అని."

ఆ మాటతో లెఫ్టీకి ధైర్యం వచ్చింది. "నాకు మీరంటే చాలా ఇష్టం," అన్నాడు, బామ్మ ఉందని కూడా చూడకుండా. "రోజూ మీతోనే ఆడాలని ఉంది. మీకూ ఇష్టమైతే, జన్మంతా."

చిన్న ఎడిటర్ తలెత్తి సూటిగా చూసింది. "నా మనసు నొచ్చుకుంటుందని ఒక్క గేమైనా వదిలేస్తారా?"

"చచ్చినా వదలను."

"అయితే నాకూ ఇష్టమే."

"ఇష్టాల సంగతి ఇంట్లో కూర్చుని మాట్లాడదాం, మీ అమ్మానాన్నల్ని తీసుకురా నాయనా," అంది బామ్మ, కళ్లు తుడుచుకుంటూ. "ముందు ఎవరైనా దీని ఫొటో ఒకటి తీయండి, పేజీకి కావాలి."