లాక్కునే దారం

తెల్లవారి యేసమ్మ బొరుగుల ఒగ్గాని కలుపుతుండగా వాకిట్లో పెద్దరెడ్డి జీపు ఆగింది. దిగింది మాత్రం ఆమె తమ్ముడు ఆనందయ్య.

"బావా, పాప తయారేనా? నామినేషన్లకు ఈ పొద్దే ఆఖరు."

పాలయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. కుడిచేతికి రెండు వేళ్లే మిగిలాయి గనుక అతనికి ఆ పని ఎప్పుడూ ఆలస్యమే. సర్పంచి పదవి ఈసారి ఎస్సీ మహిళకు వచ్చింది. హైదరాబాదులో సూక్ష్మజీవులమీద పరిశోధన చేసే కూతురు దీవెన పేరు పెద్దరెడ్డి నోట రాగానే, ఆమెను ఒక్క మాట అడక్కుండానే పాలయ్య ఒప్పేసుకుని వచ్చాడు.

దీవెన సంచి సర్దుకుని బయటికొచ్చింది. "నేను రాను మామా. రేపు నా పని ప్రొఫెసర్ల ముందర పెట్టాల. ఎర్రగుంట్లలో రైలెక్కాల. సంతకం పెడితే ఐదేండ్లు ఈన్నే ఉండాల."

"పురుగుల సదువు యాడికీ పోదు. కుర్చీ మళ్లా వస్తాదా?" అన్నాడు పాలయ్య.

"ఏం కుర్చీ?" యేసమ్మ గరిటె ఎత్తింది. "పక్కూర్లో గంగమ్మను గెలిపించిరి గదా. ఆఫీసులో ఆమె కింద కూసుంటాది, కుర్చీలో రెడ్డి మనిషి కూసుంటాడు. నీకు కండ్లు ల్యావా?"

"నోర్మూయ్! రెడ్డికోసరం బాంబులకు ఎదురు నిలబడిన చెయ్యి ఇది. మాట తప్పమంటావా?"

దీవెన ఆ చేతివైపే చూసింది. బావిలో పడిన బిందెలు తీసే కొక్కేల గుత్తిని గోడమీంచి దింపింది. నాపరాళ్ల నేలమీద గోనెసంచి పరిచి కూర్చుని, తాడు విసిరి కొక్కేన్ని కిటికీ చువ్వకు తగిలించి లాగింది. సంచితో సహా జర్రున ముందుకు జారింది.

యేసమ్మ పక్కున నవ్వింది. "ఇదేం ఆటే?"

"నా పురుగు ఇట్లే నడుస్తాదమ్మా. దానికి కాళ్లు ల్యావు. ఒంట్లోంచి సన్న దారం విసురుతాది, కరిపిస్తాది, లాక్కుంటాది. ఒకే రకం ప్రోటీన్ ముక్కలు పేనిన దారం అది. దారం మొదలుకాడ కూసోని లాగే ప్రోటీన్ ఇంకొకటి. దాంట్లో ఒక్క చోట మార్చి చూసినా నాయినా. దారం బయటికి వస్తాది, కరుచుకుంటాది. లాక్కోలేదు. పురుగు ఉన్నచోటే ఉంటాది."

"అయితే ఏంది?"

"బాంబుకు పోయింది నీకు ఒక్క వేలే. మిగతా రెండూ పొద్దుటూరు ఆస్పత్రిలో పుండు పాకితే తీసేసినారు. ఆ పుండులో పాకింది ఈ జాతి పురుగేనని ఆస్పత్రి కాయితాల్లో ఉండాది. దాన్ని ఆపే మందుకు ఇంకా శానా దూరముండాది. దోవ మటుకు కనపడింది."

పాలయ్య తన చేతిని ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు.

"దీనికోసరమా పాపా, ఇన్నేండ్లు సదివినావు?" అన్నాడు కూతురితో.

ఆనందయ్య గొణిగాడు. "రెడ్డికి ఏం చెప్పేది బావా? శానా కోపం చేస్తాడు."

"చెయ్యనీ. చెయ్యి ఆయనకిచ్చినా. బిడ్డనియ్యనని చెప్పు. కోపమంతా నామీదే దించుకోమను."

ఆనందయ్య ఒక్కడే జీపెక్కి వెళ్లిపోయాడు. పాలయ్య కూతురి సంచిని మిగిలిన రెండు వేళ్లకే తగిలించుకున్నాడు, ఆమె ఇవ్వనన్నా వినలేదు. ఎర్రగుంట్ల బస్సులో కండక్టరు యాడికని అడిగితే, ఊరిపేరు చెప్పడం మరిచిపోయి ఆ చేతినే పైకెత్తాడు.

"ఈ చెయ్యిని తిన్న పురుగు నడకను పట్టేసిందప్పా, మా పాప!"