గుడ్ల బండికి పట్టిన వణుకు

హైవే పక్కన కిటికీలు ఊడిపోయిన ఆ మేడ ఉంది చూశారూ — దాని పేరెత్తితే మా డ్రైవర్లు చేతిలో టీ గ్లాసు కింద పెట్టేస్తారు. అక్కడ ఒకడి బండికి దానంతట అదే హారన్ మోగిందట. ఇంకొకడికి అద్దంలో వెనక సీటు మీద ఎవరో కనిపించారట... వాడిది వెనక సీటే లేని లారీ, అయినా నమ్మాం. ఇక మూడోది గుడ్ల బండి కథ. దాన్ని నాకే వచ్చి చెబుతుంటారు. పాపం, వాళ్ళకి తెలీదు — అందులో భయంతో చచ్చిన మొనగాణ్ణి నేనే.

మా అక్కకి కోళ్ల షెడ్డు ఉంది. తెల్లారేలోపు పట్నంలో బేకరీకి గుడ్లు వేయాలి. పికప్ అక్కది, తోలేది నేను. ఎన్ని ఉద్యోగాలు వెలగబెట్టి వచ్చానో తెలిసి కూడా తాళాలు నా చేతిలో పెట్టింది, పిచ్చి అక్క.

ఒకరోజు చీకట్లో ఆ మేడ దగ్గరికి వచ్చేసరికి — స్టీరింగ్ వణికింది. ముందు సన్నగా... తర్వాత గట్టిగా. నా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. బండి వల్లో, భయం వల్లో చెప్పలేను. మేడ దాటి పట్నం సందుల్లోకి వచ్చాక... ఏమీ లేదు. బండి బుద్ధిగా పోతోంది.

బేకరీ దగ్గర తలుపు తీస్తే ట్రేల్లోంచి సొన కారుతోంది.

మర్నాడూ అంతే. అక్కడే.

బేకరీ ఆయన అక్కకి ఫోన్ చేశాడు. "ఇంకొక్కసారి పగిలినవి వస్తే వేరేవాళ్ళని చూసుకుంటానమ్మా."

ఆ బేకరీ పోతే అక్కకి మిగిలేది కోళ్ళూ, నేనూ. కోళ్ళైనా గుడ్లు పెడతాయి.

"దెయ్యం అక్కా," అన్నాను గుసగుసగా. "బండిని పట్టుకుని ఊపేస్తోంది."

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "పద, చూపించు."

అప్పటికే పొద్దుగూకింది. ఖాళీ బండిలో బయల్దేరాం. మేడ కనిపించింది... నల్లగా. నా కాలు పెడల్ని కిందికి అదిమేసింది. వణుకు మొదలైంది.

"చూశావా... వచ్చేసింది!"

"కాలు తియ్యి."

"మెల్లగా వెళితే ఎక్కేస్తుందక్కా!"

"తియ్యరా వెధవా!"

తీశాను. మీటరు ముల్లు ఎనభై నుంచి అరవైకి దిగింది. వణుకు... పోయింది. మేడ మాత్రం ఇంకా పక్కనే ఉంది!

"ఇప్పుడు తొక్కు."

తొక్కాను. మేడ ఎక్కడో వెనకబడిపోయాక, ఎనభై దగ్గర — మళ్ళీ వణుకు.

"ఏరా, మీ దెయ్యానికి యాక్సిలరేటర్ కూడా ఉందా?" అంది అక్క.

అప్పుడు వెలిగింది నా బుర్ర, అదీ జీరో బల్బంత. ఈ హైవే ముక్క తప్ప మిగతా దారంతా గుంతలు, మలుపులు. నలభై దాటను. మేడ కనబడగానే పారిపోదామని తొక్కేది నేనే. తొక్కితే బండి వణుకుతుంది, అది వణికితే నేను ఇంకా తొక్కుతాను.

అటునుంచి అటే టైర్ల షాపుకి వెళ్ళాం. షాపాయన ఒక్కటే అడిగాడు — "ఊగేది సీటా, స్టీరింగా?" స్టీరింగ్ అనేసరికి, అయితే తప్పు ముందు చక్రాల్లోనే అని వాటిని విప్పాడు. ఎడమ రిమ్ము లోపల, ఒకే పక్కన, మా షెడ్డు వాకిట్లో బురద ఇటుకలా ఎండిపోయి ఉంది. చక్రం ఒక పక్క బరువెక్కితే మెల్లగా వెళ్ళేటప్పుడు తెలీదట, జోరందుకున్నాకే కుదిపేస్తుందట. రోజూ చక్రాలు కడిగి మెరిపించేది నేనే. బయటివైపు మాత్రం, నలుగురూ చూసేవైపు. ఆయన బురదంతా గీకేసి, బ్యాలెన్సింగ్ చేసి బిగించాడు.

తెల్లవారుజామున నిండు లోడుతో బయల్దేరాం. వెనక చోటు చాలక మిగిలిన ట్రేని ఒళ్ళో పెట్టుకుని అక్క నా పక్కన కూర్చుంది.

మేడ వచ్చింది. ఈసారి కావాలనే తొక్కాను. డెబ్భై. ఎనభై. స్టీరింగ్ కదల్లేదు. సీటూ కదల్లేదు. హమ్మయ్య!

కానీ — టకటకమని చప్పుడు.

పక్కకి చూశాను. అక్క ఒళ్ళో ట్రే వణుకుతోంది. బండి వణకడం లేదు... ట్రే ఒక్కటే వణుకుతోంది!

"అక్కా...!"

అక్క కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

"దాటేశామా?" అంది, వినపడీ వినపడనట్టు.

"దాటేశాం. నీకు... నీకు కూడా భయమా?"

"చచ్చేంత భయంరా, చిన్నప్పట్నుంచీ. బేకరీ పోతుందేమోనని అంతకంటే భయం. మాట్లాడకుండా పోనీ."

బేకరీ ఆయన ట్రేలన్నీ ఒక్కొక్కటే చూసి, "రేపూ ఇలాగే తెండమ్మా" అన్నాడు. ఆ రోజు లోడు మొత్తంలో పగిలినవి రెండే గుడ్లు. రెండూ అక్క చీర మీదే ఉన్నాయి.