ఇద్దరమ్మల శనివారాలు

"నా కూతుర్ని నాకిచ్చెయ్యక్కా!"

దిసెబో ఆ మాట అని ఇంకా నోరు మూయలేదు... వాకిట్లో ఏదో దబ్బున పడిన చప్పుడు! మాపులెంగ్ ఉలిక్కిపడి తల తిప్పింది. గుమ్మంలో తొమ్మిదేళ్ల పులెంగ్! భుజం మీంచి జారిన బడి సంచి కాళ్ల దగ్గర పడి ఉంది. కళ్లు మాత్రం జోబర్గ్ పట్నం నుంచి వచ్చిన చిన్నమ్మ మొహం మీదే నిలిచిపోయాయి.

"ఎవరి కూతురు?" అంది పులెంగ్.

పొయ్యి మీద మొక్కజొన్న పాపా ముద్ద అడుగంటుతున్న వాసన వేస్తున్నా మాపులెంగ్ కదల్లేకపోయింది. దిసెబో రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "అమ్మా, ఈవిడ ఎవరి కూతుర్ని అడుగుతోంది?" అని పిల్ల రెట్టించి అడిగేసరికి, ఇన్నేళ్లూ గుండెల్లో దాచుకున్న నిజం ఇక దాగదని మాపులెంగ్‌కి తెలిసిపోయింది!

పెళ్లయి భర్త మొకేటె ఇంట అడుగుపెట్టిన రోజునే అత్తగారు ఆమె భుజాల మీద కంబళి కప్పి, 'నువ్వు ఇవాళ్టి నుంచి మాపులెంగ్‌వి' అంది. మాపులెంగ్ అంటే పులెంగ్ తల్లి. పుట్టబోయే మనవరాలికి తన అత్తగారి పేరు పెట్టుకోవాలని ఆ ముసలమ్మ ముచ్చట. పేరైతే ఆ రోజే వచ్చింది... పిల్లే రాలేదు! కొట్టుకి వెళ్లినా, చర్చికి వెళ్లినా, నీళ్ల కుళాయి దగ్గరైనా అందరూ "పులెంగ్ తల్లీ, పులెంగ్ తల్లీ" అని పిలుస్తుంటే, ఒళ్లో బిడ్డ లేని ఆ తల్లి లోలోపల ఎంత కుమిలిపోయిందో ఎవరికి తెలుసు! అలాంటి రోజుల్లో చెల్లెలు దిసెబో, పెళ్లి కాకుండానే కన్న పసిగుడ్డుని తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. ఆ పిల్ల తండ్రి మొహం చాటేశాడు. దిసెబోకేమో జోబర్గ్‌లో ఒకరింట పని దొరికింది. "నీ కాళ్ల మీద నువ్వు నిలబడ్డాక తీసుకెళ్దువుగాని, పో," అని తన నోటితో తానే అంది మాపులెంగ్. అనేసి, పిల్లకి పులెంగ్ అని పేరు పెట్టుకుంది. ఆ పైన ఆ మాటే మరిచిపోయింది. మరిచిపోవాలని ఎన్ని రాత్రులు దేవుణ్ని వేడుకుందో!

ఇప్పుడు దిసెబోకి పెళ్లయింది. మంచివాడు దొరికాడు, ఒక ఇల్లు ఏర్పడింది. ఆమె తన కాళ్ల మీద తాను నిలబడింది. ఇక పిల్లకి నిజం చెప్పక తప్పలేదు.

మొకేటె మేనమామ పెద్దమనిషి. అందరినీ కూర్చోబెట్టి తేల్చేశాడు. "పిల్లంటే మొక్కజొన్న బస్తా కాదే దిసెబో, ఎత్తి బండిలో పడేసుకుపోవడానికి! జనవరిలో కొత్త తరగతి మొదలయ్యేదాకా ఆగు. ప్రతి శనివారం వచ్చి పో. ముందు దాన్ని నీకు దగ్గరవనీ. ఆ తర్వాత అదే నీ వెంట వస్తుంది."

కానీ శనివారం వస్తే చాలు, పులెంగ్ కోళ్ల గూడు వెనక దాక్కునేది! దిసెబో తెచ్చిన గౌన్లు మడత విప్పకుండానే ఉండిపోయేవి. వచ్చిన మనిషి పొద్దంతా బల్ల మీద కూర్చుని, చల్లారిన టీ కప్పు చేత్తో పట్టుకుని, సాయంత్రం ఏడుస్తూ జోబర్గ్ పోయే షేర్ ట్యాక్సీ ఎక్కేది. మాపులెంగ్‌కి లోపల ఒక పాపిష్టి సంతోషం... అది తలచుకుని మళ్లీ సిగ్గు!

అలా ఉండగా ఒకరోజు బళ్లో మాస్టారు పిల్లలందరినీ కొండకి తీసుకెళ్లి ఒక కొత్త ఆట నేర్పారు. జియోకాచింగ్ అంటారట. ఎవరెవరో ఎక్కడెక్కడో రాళ్ల సందుల్లో, చెట్టు తొర్రల్లో చిన్న చిన్న డబ్బాలు దాచిపెడతారు. ఆ చోటు ఫోన్‌లో బాణం గుర్తు చూపిస్తుంది. వెతికి పట్టుకుని, లోపలున్న కాగితం మీద పేరు రాసి, ఒక బొమ్మ తీసుకుంటే ఇంకో బొమ్మ పెట్టి, మళ్లీ ఎలా ఉన్నది అలా దాచేయాలి. ఆట ఆడనివాళ్ల కంట మాత్రం పడకూడదు! పులెంగ్‌కి ఆ పూట నుంచి అదే ధ్యాస. కానీ ఇంట్లో ఉన్నది మొకేటె పాత బొత్తాల ఫోను. అందులో బాణమూ లేదు, మ్యాపూ లేదు.

"నా ఫోన్‌లో వస్తుందేమో చూడనా?" అంది దిసెబో బల్ల మీంచి, భయం భయంగా.

కోళ్ల గూడు వెనక నుంచి ఒక తల బయటికొచ్చింది. "ఫోనిస్తే చాలు. నువ్వు రానక్కర్లేదు."

"నా ఫోను కొత్తవాళ్ల వెంట పోదమ్మా. ఏడుస్తుంది."

పులెంగ్ నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "అయితే అమ్మ కూడా రావాలి," అంది.

అలా ముగ్గురూ బయలుదేరారు. ముందు ఫోన్ పట్టుకుని పిల్ల, వెనక ఒకరి మొహం ఒకరు చూసుకోని అక్కాచెల్లెళ్లు! ఊరి బయట పసుపురంగు రాతి గోడల కింద, ఫోను 'ఇక్కడే' అన్నచోట, ముగ్గురూ వంగి రాళ్లు కదుపుతుంటే గుర్రం మీద ఒక ముసలి గొర్రెల కాపరి వచ్చి ఆగాడు.

"ఏం పోగొట్టుకున్నారమ్మా?"

పులెంగ్ మొహం తెల్లబోయింది. ఆట బయటపడకూడదు కదా! దిసెబో చటుక్కున చెవి మూసుకుని, "కమ్మ తాతా! బంగారు కమ్మ!" అంది.

"అయ్యో బంగారమే!" అంటూ ఆ పెద్దాయన గుర్రం దిగాడు. కంబళి మడిచి పక్కన పెట్టాడు. గడ్డిలో మోకాళ్ల మీద పాకుతూ, ప్రతి పరకా తప్పించి చూస్తూ వెతకడం మొదలెట్టాడు! "మా ఆవిడదీ ఇలాగే పోయిందమ్మా, నాకు తెలుసు ఆ బాధ," అంటాడు. "ఉండండి, నేనుండగా అది ఎక్కడికి పోతుంది?" అంటాడు. పోనీ తాతా, వదిలేయ్ తాతా అంటే వినడు! చివరికి దిసెబో ఉన్న కమ్మనే విప్పి గడ్డిలో పారేసి, "దొరికింది తాతా!" అని అరిచేదాకా కదల్లేదు. ఆయన దీవించి గుర్రమెక్కి కనుమరుగయ్యాక... ముగ్గురూ నేల మీద కూలబడి పడీ పడీ నవ్వారు! దిసెబో, పులెంగ్ ఒకేలా నవ్వుతారని, నవ్వినప్పుడు ఇద్దరికీ ముక్కు ఒకేలా ముడుచుకుంటుందని మాపులెంగ్ ఆ రోజే చూసింది. చూసి, నవ్వు మానేసింది.

డబ్బా దొరికింది. కాగితం మీద పులెంగ్ తన పేరు రాసింది, అమ్మ పేరు రాసింది. దిసెబో చెయ్యి చాచింది. "నువ్వొద్దు. నువ్వు మా ఇంటిదానివి కాదు," అని పిల్ల మూత పెట్టేసింది. దిసెబో చాచిన చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుంది.

ఆ తర్వాత శనివారం కోసం పులెంగ్ ఎదురుచూడడం మొదలైంది. "పెద్ద ఆడవాళ్లు ప్లాస్టిక్ డబ్బాల కోసం కొండలెక్కడమా! గొర్రెలు నవ్విపోతాయి!" అని అత్తగారు ఒకటే సణుగుడు. మొకేటె నవ్వి ఊరుకునేవాడు. శనివారాలు అతను పర్యాటకులను గుర్రాల మీద తిప్పే పనిలో ఉండేవాడు. మాపులెంగ్‌కి మోకాళ్ల నొప్పులు. ఒక వారం బాణం గుర్తు నిటారు బండ పైకి చూపించేసరికి, "మీరిద్దరూ వెళ్లిరండి, నేనిక్కడే కూర్చుంటాను," అంది. కింద ఒంటరిగా కూర్చుంది. పైనుంచి మాటలు వినిపించాయి. "చెయ్యి పట్టుకో!" అని దిసెబో... "పట్టుకున్నాలే, నువ్వు జాగ్రత్త!" అని పులెంగ్... తర్వాత కేరింతలు! ఆ కొండలన్నీ తిరిగి పలికేంత నవ్వులు! తాను పుట్టినప్పటి నుంచి ఎరిగిన కొండ, తన చేతులతో పెంచిన పిల్ల... రెండూ ఒక్కసారే తనకి దూరమైపోతున్నట్టు అనిపించి మాపులెంగ్ కంబళి అంచుతో నోరు నొక్కుకుని ఏడ్చింది.

ఆ బాధలోనే ఆమె ఆ పని చేసింది. పక్కింటివాళ్ల ఫోన్ తీసుకుని, "పిల్లకి జ్వరం, ఈ వారం రాకే," అని చెల్లెలితో చెప్పింది. పిల్లతోనేమో, "మీ చిన్నమ్మ రానంది," అని చెప్పింది!

శనివారం పులెంగ్ పొద్దున్నే బూట్లు వేసుకుంది. "రానందని చెప్పాను కదే," అంటే, "ఒకవేళ వస్తుందేమో," అని వెళ్లి గేటు దగ్గర రాయి మీద కూర్చుంది. అన్నానికి పిలిస్తే రాలేదు. మబ్బు పట్టి చినుకులు పడ్డా లేవలేదు. వచ్చే ప్రతి ట్యాక్సీకీ లేచి నిలబడడం, అది ఆగకుండా పోతే మళ్లీ కూర్చోవడం! సాయంత్రం మాపులెంగ్ వెళ్లి పక్కన కూర్చునేసరికి పిల్ల గొంతు బొంగురుపోయి ఉంది.

"ఆ రోజు పేరు రాయనివ్వలేదుగా అమ్మా... అందుకే రాలేదు కదూ? నేనే కదూ రాకుండా చేసింది?"

"కాదు తల్లీ... కాదు! ఆమె రానని అనలేదు. నేనే... నేనే రావద్దన్నాను. నీకు జ్వరమని అబద్ధం చెప్పాను."

పులెంగ్ నమ్మలేనట్టు చూసింది. "నువ్వు అబద్ధం చెప్పవుగా!"

"చెప్పాను. నువ్వు ఆమెతో వెళ్లిపోతావని భయమేసింది... పిచ్చిదాన్ని!"

పిల్ల దగ్గరికి జరిగి ఆమె ఒళ్లో తల పెట్టుకుంది. "నాకు ఇద్దరూ కావాలి," అంది. ఆ తల నిమురుతూ మాపులెంగ్ అప్పటికే నిశ్చయించుకుంది. కడుపున పుట్టకపోయినా కన్నతల్లికి మించి పెంచిన బిడ్డ మీద ఇక తన భయం భారం పడకూడదు!

ఆ సాయంత్రమే చెల్లెలికి ఫోన్ చేసింది. "దిసెబో, పిల్లకి జ్వరం లేదే."

"తెలుసక్కా," అంది దిసెబో. "నీ గొంతు నాకు తెలియదా? అబద్ధమని తెలిసే రాలేదు. ఇన్నేళ్లూ నా బిడ్డని గుండె మీద పెట్టుకుని పెంచావు. ఆ ఒక్క శనివారం నీకుండనీ అనుకున్నాను..."

ఫోన్‌కి అటొకరు, ఇటొకరు... అక్కాచెల్లెళ్లిద్దరూ చిన్నపిల్లల్లా ఏడ్చారు!

జనవరి వచ్చింది. ట్యాక్సీల స్టాండులో పులెంగ్ పెట్టె పైకెక్కించారు. దారిలో తినడానికి మాపులెంగ్ తెల్లవారే నూనెలో వేయించిన మాక్వేన్యాలు ఇంకా వేడిగా ఉన్నాయి. ఎక్కబోతూ పిల్ల ఆగిపోయింది. "నేనీమెని ఏమని పిలవాలి?"

"అమ్మా అనే పిలవాలి తల్లీ," అంది మాపులెంగ్.

"మరి నిన్ను?"

'పెద్దమ్మా' అని చెప్పడానికి నోరు తెరిచింది. మాట రాలేదు. దిసెబో ముందుకొచ్చి పిల్ల భుజం పట్టుకుంది. "ఆమెని పిలిచేది మార్చకు. అమ్మా అనే పిలువు. నన్ను... నీకు పిలవాలని ఎప్పుడనిపిస్తే అప్పుడు పిలుద్దువుగాని."

ట్యాక్సీ కదిలింది. అద్దంలోంచి ఒక చిన్న చెయ్యి మలుపు తిరిగేదాకా ఊగుతూనే ఉంది. మాపులెంగ్ నిలువునా కూలిపోతే పట్టుకున్నది ఎవరనుకున్నారు? సణుగుతూ సణుగుతూనే అంతదూరం నడిచి వచ్చిన అత్తగారు! "లే, మాపులెంగ్! ఆ పేరు పెట్టింది నేను. నువ్వు పులెంగ్ తల్లివి కావని ఎవరైనా అంటే నా కర్రతో మాట్లాడమను!" అంటూ ముసలమ్మ కోడల్ని గట్టిగా పొదువుకుంది. ఆ అత్తాకోడళ్లు అంత దగ్గరగా నిలబడడం ఊరు చూసింది అదే మొదటిసారి.

పిల్ల లేని మొదటి శనివారం. మాపులెంగ్ పొయ్యి వెలిగించలేదు. మొకేటె ఆ రోజు పనికి సెలవు పెట్టాడు. మూలనున్న బూట్లు దులిపి ఆమె ముందు పెట్టాడు.

"పద."

"ఎక్కడికి?"

"డబ్బా వెతకడానికి."

"పిల్ల లేకుండానా! అందులోనూ మీ ఫోన్‌లో బాణమే లేదు..."

"పిల్ల ఉందిగా. అదే దారి చెబుతుందట. నిన్న మాట్లాడాను."

ఇద్దరూ మెల్లిగా కొండెక్కారు. బొత్తాల ఫోను చెవికి ఆనించుకుని, అంత దూరం నుంచి వస్తున్న గొంతు చెప్పినట్టు అడుగులు వేసింది మాపులెంగ్. "పెద్ద బండ కనిపించిందా? దాటి ఎడం పక్కకి రామ్మా... మేం పోయినసారి ఎంత వెతికినా దొరకలేదది!" వెనక నుంచి దిసెబో గొంతు, "జాగ్రత్తగా నడవమను, అక్కకి మోకాళ్ల నొప్పులు!" అంటోంది. "అమ్మ నిన్ను జాగ్రత్తగా నడవమంటోందమ్మా!" అని పులెంగ్ అందించింది. ఒకే మాటలో ఇద్దరమ్మలు! తనకి తెలియకుండానే అనేసింది పిల్ల. మాపులెంగ్ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. నొప్పెట్టింది. కానీ, ఊపిరి ఆగిపోతుందేమో అనుకున్నది... ఆగలేదు.

రాతి చూరు కింద మోకరిల్లి, పలకరాళ్ల సందులో చెయ్యి పెట్టింది.

"దొరికిందా అమ్మా?"

వేళ్లు ఇంకా తడుముతున్నాయి. "ఇంకా లేదు తల్లీ."

"అయితే వదిలేయ్. సెలవులకి నేనొస్తాగా, అప్పుడు మనం ముగ్గురం కలిసి వెతుకుదాం!"

సరిగ్గా అప్పుడే మాపులెంగ్ వేళ్లకి ప్లాస్టిక్ మూత నున్నగా తగిలింది. ఆమె కదలకుండా ఉండిపోయింది. తర్వాత చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుని, పక్కకి జరిగిన పలకరాయిని మళ్లీ దాని చోటికి నెట్టింది.

"సరే తల్లీ... నువ్వొచ్చాకే వెతుకుదాం."

ఫోన్ పెట్టేశాక మొకేటె ఆమె మొహంలోకి చూశాడు. "చేతికి తగిలింది కదూ?"

"ఊఁ."

"మరి తియ్యలేదేం?"

మాపులెంగ్ చేతికంటిన ఎర్రమట్టి దులుపుకుంది. "పిల్ల వెతుక్కోవాలిగా," అంటూ లేవడానికి భర్త చెయ్యి అందుకుంది.