మూల తడిపి చూడని కార్పెట్

ఆదివారం ఉదయం ఎనిమిదింటికే మొగుడూ పెళ్లాలిద్దరూ కార్పెట్లు కడిగే మెషిన్ని మూడో అంతస్తుకు మోసుకెళ్లారు. వారమంతా అతను ఆఫీసులో గుమాస్తా, ఆమె స్కూల్లో ఆయా. ఆదివారాలు మాత్రం ఇళ్లలో కార్పెట్లు శుభ్రం చేస్తారు. ఈ పని మొదలుపెట్టి మూడు నెలలైంది. ఆలోచన ఆమెది, మోత అతనిది. ఆ సంగతి రోజుకోసారైనా గుర్తు చెయ్యందే అతనికి తోచదు.

ఇంటావిడ రిటైరైన టీచరు. ఆవిడకు నచ్చితే బిల్డింగంతా తమనే పిలుస్తుందని భార్య ఆశ.

"మూల తడిపి చూశారా?" బకెట్ నింపుతూ వంటింట్లోంచి భార్య అడిగింది. తడి చేసిన తెల్లగుడ్డను ఒక మూల పది నిమిషాలు అదిమి ఉంచాలి. గుడ్డకు రంగు అంటకపోతేనే మెషిన్ పెట్టాలి.

"ఆఁ, చూశాను. రంగేం దిగలేదు."

చూడలేదు. కిటికీలోంచి తన మేనేజరు కారు దిగుతూ కనబడ్డాడు. ఆయన కంటబడకుండా పని ముగించి పారిపోవాలని అతని తొందర.

మెషిన్ పెట్టిన పావుగంటలో కార్పెట్ ఎరుపంతా దాని మీగడరంగు అంచులోకి పాకింది.

టీచరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "పక్షవాతం వచ్చాక మా ఆయన మళ్లీ నడక నేర్చుకుంది దీనిమీదేనమ్మా. ఈ అంచు చూసుకుంటూ ఒక్కో అడుగూ వేసేవారు."

"తప్పు నాదేనండీ," అంది భార్య. "మూల చూడకుండా తడిపేశాను."

ఆవిడ లోపలికెళ్లిపోయింది.

"నువ్వెందుకు మీదేసుకున్నావ్?" గొంతు తగ్గించి అడిగాడు భర్త.

"తెల్లగుడ్డ ఇంకా పొడిగానే ఉందండీ. నేను చూడలేదనుకున్నారా?"

"కింద మా మేనేజరు కనబడ్డాడే. నన్నిలా మోకాళ్ల మీద చూస్తే నా పరువేం కాను?"

"ఆరేళ్లుగా స్కూల్లో పిల్లల వాంతులు తుడుస్తున్నాను. అప్పుడు పోలేదా మీ పరువు?" ఆమె మెషిన్ ప్లగ్గు లాగేసింది. "నా మాట నమ్మే కదా జనం ఇంట్లోకి రానిస్తున్నారు! ఆ మాటే పోయాక ఈ మెషినెందుకు? అమ్మేద్దాం పదండి."

అతనికి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ తను సిగ్గుపడింది కార్పెట్ల పనికి కాదు, ఆమె ఆరేళ్లుగా చేస్తున్న పనికి. ఆ మాట మనసులో అనుకోవడానికే అతనికి కష్టంగా ఉంది.

లోపలి గది ముందుకెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, తడిపింది నేను. చూడకుండానే చూశానని అబద్ధం చెప్పాను. ఆవిడ తప్పేమీ లేదు."

టీచరమ్మ బయటికొచ్చి కార్పెట్ మీదికి వంగింది. "మరక పోతుందా?"

"పూర్తిగా పోదండీ," వెనక నుంచి భార్య నిజమే చెప్పింది. "చల్లటి నీళ్లతో సాయంత్రం దాకా అద్దితే చాలావరకు తగ్గుతుంది."

"అయితే కూర్చోండి. ఇంతకీ ఈ పని ఎవరు నడుపుతున్నారు? మీరేనా?" అతన్నే అడిగింది.

"కాదండీ. మా ఆవిడ. నేను ఆవిడ దగ్గర పనిచేస్తాను."

భార్య గోడవైపు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అతను అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో చెప్పమని ఆమెను అడుగుతున్నాడు.