నిమ్మకాయ అక్కర్లేదు

ఏజెంట్ మధుబాబు గుండెలో తూటా దిగిన క్షణంలో, అతని పార్ట్‌నర్ క్రాంతి కుమార్ పడవ అంచు మీదికి వంగి వాంతి చేసుకుంటున్నాడు. తలెత్తేసరికి కొల్లేరు మీద కొంగలన్నీ లేచిపోయాయి. మధుబాబు పోయాడు. "గట్టు మీద నుంచి కాల్చారండీ!" అని గుండెలు బాదుకుంది అదే పడవలో ఉన్న మూడో ఏజెంట్ రూబీ.

ఏలూరులో తివాచీల గోడౌన్ వెనక గదిలో చీఫ్ నరసింహమూర్తి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"తూటా పేలింది పడవలోనే. రూబీ డబుల్ ఏజెంట్. రాడార్ కోడ్‌లున్న చిప్‌ని మెడలో లాకెట్‌లో దాచి విదేశీ ముఠాకి అందించబోతోంది, వానలు తగ్గాక, మళ్ళీ కొల్లేరు మీదే. పక్కన ఇంకో డిపార్ట్‌మెంట్ మనిషి కూడా ఉంటే చెక్‌పోస్టులో ఆపరని మిమ్మల్నే తోడు అడిగింది. మీకు పడవ పడదని దాని ధైర్యం."

"టాబ్లెట్ వేసుకుంటానండీ."

"మగతొస్తుంది, గురి తప్పుతుంది. కడుపుకి అలవాటు చెయ్యండి. రోజూ ఎక్కండి."

ఎక్కాడు. తాడేపల్లిగూడెం నుంచి నల్లజర్ల వెళ్ళే బస్సులో వెనక సీటు, చేతిలో పేపరు. మొదట్లో హెడ్డింగులు దాటలేకపోయాడు. కడుపులో తిప్పగానే దిగిపోయి, తేరుకుని తర్వాతి బస్సు ఎక్కేవాడు. కండక్టర్లు అతన్ని చూస్తేనే మొహం తిప్పుకునేవారు. తర్వాత తాటిదోనె. తుమ్మితే ఊగిపోయే ఆ దోనెలో ముందు గట్టు వారన, ఆపైన గాలికి ఎదురుగా. నోట్లో నీళ్ళూరినప్పుడల్లా మధుబాబు మొహం గుర్తు తెచ్చుకుని పళ్ళు బిగించేవాడు. వానలు వెనకబట్టేసరికి దోనెలో నిలబడి పేపరంతా చదివి, పైగా పెసరట్టు కూడా తిన్నాడు.

ఆ ఉదయం రేవులో రూబీ నల్లకళ్ళద్దాలతో, మెడలో లాకెట్‌తో, పక్షుల ఫొటోగ్రాఫర్ వేషంలో మెరిసిపోతోంది.

"కొంగలు వచ్చాయాండీ?" కోడ్ అడిగాడు క్రాంతి.

"వచ్చాయండీ. చేపలే రాలేదు."

చుక్కాని అతనే పట్టుకున్నాడు. చెక్‌పోస్టు దాటి ఇంజన్ పడవ సరస్సు నడిమధ్యకి చేరింది. ఎదురుగా తెల్ల లాంచీ ఒకటి వస్తోంది. రూబీ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నిమ్మకాయ తీసింది.

"వాసన చూడండి, తిప్పదు. భీమడోలులో బస్సెక్కితే మా అమ్మమ్మ ఇదే చేతిలో పెట్టేది."

తొక్క మీద ఆవగింజంత మైనం. మత్తుమందు ఎక్కించడానికి సూది గుచ్చిన చోటు. క్రాంతికి ఒళ్ళు మండిపోయింది.

"ఇంక అక్కర్లేదండీ. ఆ రోజు వంగి ఉన్నాను, మీరు కాల్చడం చూడలేదు. ఇవాళ నిలబడే ఉన్నాను."

రూబీ రెండో చేతిలోకి పిస్టల్ వచ్చింది. క్రాంతి చుక్కాని బలంగా తోశాడు. పడవ గిర్రున తిరిగింది. తూటా ఆకాశంలోకి పోయింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ మళ్ళీ తిప్పాడు. పిస్టల్ నీళ్ళపాలైంది. రూబీ మొహం పాలిపోయింది, కళ్ళు మూసుకుంది. చిన్నప్పటి అలవాటుకొద్దీ నిమ్మకాయ పట్టుకున్న చెయ్యి దానంతటదే ముక్కు దగ్గరికి వెళ్ళింది.

క్రాంతి ఆపొచ్చు. ఆపలేదు.

గట్టిగా ఒక్కసారి పీల్చి కుప్పకూలింది. క్రాంతి వంగి చూశాడు. ఊపిరి ఆడుతోంది. అతనికి కాస్త నిరాశే కలిగింది. లాంచీ ఆనుకుంది, ఎవడో తెల్లవాడు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి రూబీ మెడలో లాకెట్‌ని అందుకునే లోపే క్రాంతి దాన్ని తెంపి జేబులో వేసుకున్నాడు. కిక్కిస పొదల్లోంచి పోలీసు పడవలు దూసుకొచ్చాయి.

ఫోన్ మోగింది. "ఒంట్లో ఎలా ఉందండీ?" చీఫ్ గొంతు.

"నాకేం, బానే ఉన్నానండీ," పెసరట్టు పొట్లం విప్పుతూ అన్నాడు క్రాంతి. "పాపం, రూబీగారికే ప్రయాణం పడలేదు."